ప్రాంతీయ టెక్ స్టార్టప్‌కి సపోర్ట్ నెట్‌వర్క్ నిజంగా ఏం చేసిపెడుతుంది?

మీరడిగింది క్లుప్తంగా ఇది: పెద్ద నగరాలకు దూరంగా నలుగురు కలిసి ఒక టెక్ కంపెనీ పెట్టారు. ప్రొడక్ట్ నడుస్తోంది, ముగ్గురు కస్టమర్లు ఉన్నారు, ఆ పైన బండి కదలడం లేదు. దగ్గర్లోని ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకు చోటు, సలహా ఇచ్చి నిలబెట్టే సంస్థ) వాళ్లు చేరమంటున్నారు, బదులుగా కొంత ఈక్విటీ, అంటే కంపెనీలో వాటా, అడుగుతున్నారు. ఇంకోపక్క వ్యాపారుల సంఘం, మెంటర్ల బృందం, నెలనెలా మీటప్‌లు. వీటివల్ల నిజంగా ఎదుగుతామా, లేక విజిటింగ్ కార్డులు మార్చుకుని ఇంటికి రావడమేనా?

నా సంగతి ముందు చెప్పేస్తాను. నేను ఒక హార్డ్‌వేర్ స్టార్టప్ ఏడేళ్లు నడిపాను. గోడౌన్లలో ఉష్ణోగ్రత, తేమ కొలిచి పంపే సెన్సర్లు చేసేవాళ్లం. దాన్ని అమ్మేశాక పదేళ్లుగా బల్లకు అటువైపు కూర్చుంటున్నాను, కొన్నిచోట్ల మెంటర్‌గా, కొన్నిచోట్ల ఎంపిక కమిటీలో. కాబట్టి ఈ నెట్‌వర్క్‌ల గురించి నాకు ప్రేమా ఉంది, చిరాకూ ఉంది.

ఎదుగుతారు అనే నా సమాధానం. కానీ బ్రోషర్‌లో మొదటి పేజీ మీద వేసేవాటి వల్ల మాత్రం కాదు. మంచి గది, వేగంగా నడిచే ఇంటర్నెట్, క్లౌడ్ క్రెడిట్లు, గోడల మీద రంగురంగుల నినాదాలు ఉంటే సంతోషమే, లేకపోయినా కంపెనీ మునిగిపోదు. నిజంగా పనికొచ్చేవి ఫొటోలో పడవు. అందుకే బ్రోషర్లో కనిపించవు.

ఇంక్యుబేటర్ అన్న మాట పుట్టిన కథలోనే ఈ తేడా ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో బటేవియా అని ఒక చిన్న పట్టణం. అక్కడ మాసీ-హారిస్ అనే వ్యవసాయ యంత్రాల కంపెనీ తన ఫ్యాక్టరీ మూసేసింది. ఖాళీగా పడున్న ఆ భవనాన్ని ఒక స్థానిక వ్యాపార కుటుంబం కొనింది. ఆ కుటుంబానికి చెందిన జోసెఫ్ మన్కూసో దాన్ని మొత్తంగా ఒకే కంపెనీకి అద్దెకిద్దామని చూశాడు. అంత పెద్ద చోటు తీసుకునేవాళ్లు దొరకలేదు. దాంతో 1959లో దాన్ని ముక్కలు చేసి చిన్న చిన్న కంపెనీలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. అలా వచ్చినవాళ్లలో ఒక కోళ్ల హ్యాచరీ కూడా ఉంది. గుడ్లు పొదిగించే చోటు కదా అని సరదాగా 'ఇంక్యుబేటర్' అన్నాడు, ఆ పేరే లోకమంతా పాకింది.

కోడిపిల్లల ముచ్చట దగ్గరే చాలామంది కథ ఆపేస్తారు. మన్కూసో అద్దె వసూలు చేసుకుని ఊరుకోలేదు. వచ్చిన కంపెనీలకు ఉమ్మడిగా ఆఫీసు సేవలు ఏర్పాటు చేశాడు, పెట్టుబడి సంపాదించుకోడానికి సాయపడ్డాడు, వ్యాపార సలహాలు ఇచ్చాడు. లోపలున్నవాడు నిలదొక్కుకుంటేనే తనకు అద్దె వస్తుంది, అంతే లెక్క. ఆ తర్వాత భవనాన్ని కాపీ కొట్టినవాళ్లు కోకొల్లలు. ఆ లెక్కను కాపీ కొట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

చోటూ డబ్బూ ఇస్తే సరిపోతుందా అన్నదానికి చిలీ దేశంలో దాదాపు ఒక ప్రయోగమే జరిగింది. 2010లో అక్కడి ప్రభుత్వం స్టార్టప్ చిలీ అనే పథకం పెట్టింది. ఏ దేశం వాళ్లైనా వచ్చి అక్కడ కంపెనీ నడుపుకోవచ్చు. ఈక్విటీ ఏమీ అడగకుండా సుమారు 40,000 డాలర్లు, పనిచేసుకోడానికి చోటు ఇచ్చేవారు. లోపలికొచ్చినవాళ్లలో కొందరిని మాత్రం మళ్లీ ఎంపిక చేసి, మెంటర్లను కేటాయించి, లక్ష్యాలు పెట్టించి, అవి ఎంతవరకు వచ్చాయో క్రమం తప్పకుండా అడిగేవారు. తర్వాత పరిశోధకులు లెక్కలు తీశారు. కటాఫ్‌కు కాస్త పైన ఉండి లోపలికొచ్చినవాళ్లను, కాస్త కింద ఉండి తప్పిపోయినవాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. డబ్బూ చోటూ మాత్రమే అందినవాళ్లకు, ఏమీ అందనివాళ్లకు చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఆ అడిగే ఏర్పాటు కూడా తోడైనవాళ్లు మాత్రం ఎక్కువ పెట్టుబడి తెచ్చుకున్నారు, కంపెనీలూ పెద్దవయ్యాయి.

ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. మా కంపెనీ మొదటి రెండేళ్లు ఒక ఇంక్యుబేటర్‌లోనే ఉండేది (పేరు వద్దు లెండి). గది బాగుండేది. మేనేజర్ వారానికోసారి తలుపు దగ్గర నిలబడి "అంతా ఓకేనా?" అనేవాడు, మేం "ఓకే" అనేవాళ్లం. ఆ రెండేళ్లలో మేం మూడుసార్లు ప్రొడక్ట్ దిశ మార్చాం. ఎందుకు మారుస్తున్నారని అడిగినవాడు ఒక్కడూ లేడు. డెమో డేకి (ఇన్వెస్టర్ల ముందు కంపెనీని చూపించుకునే రోజు) స్లయిడ్లు ఎలా ఉండాలో చెప్పడానికి మాత్రం ముగ్గురు వచ్చారు.

నెట్‌వర్క్ అంటే సరిగ్గా ఏమిటో తెలియాలంటే చైనాలోని నాన్‌చాంగ్ నగరంలో జరిగిన అధ్యయనం చూడాలి. నేను మెంటర్ల సమావేశాల్లో దీని గురించి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, వినేవాళ్లకు విసుగు పుట్టి ఉంటుంది కూడా. అక్కడ 2,820 చిన్న, మధ్యతరహా కంపెనీలను తీసుకున్నారు. అవి టెక్ కంపెనీలే కావు, అన్ని రకాలూ ఉన్నాయి. లాటరీ పద్ధతిలో కొన్నింటిని ఎంచి, సుమారు పదేసి మంది మేనేజర్లను ఒక జట్టుగా కట్టి, ఏడాదిపాటు నెలకోసారి కలిసేలా చేశారు. ఒకరి కంపెనీకి ఒకరు వెళ్లడం, చూడడం, మాట్లాడుకోవడం. అంతకుమించి ఏమీ లేదు. జట్లలో ఉన్న కంపెనీల అమ్మకాలు, లేనివాటితో పోలిస్తే 8.1 శాతం ఎక్కువగా పెరిగాయి. మీటింగులు అయిపోయిన మరుసటి ఏడాది కూడా ఆ తేడా నిలిచింది. జట్టులో మెరుగైన కంపెనీలు ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ లాభపడ్డారు.

అందులో నాకు బాగా నచ్చినవి రెండు చిన్న విషయాలు. ఒకటి, ఒక్కసారి కలిపి వదిలేసిన మీటింగుల్లో కన్నా నెలనెలా అవే ముఖాలు చూసిన జట్లలో వ్యాపార భాగస్వామ్యాలు ఎక్కువ పుట్టాయి. రెండోది, ఉపయోగపడే సమాచారం కొందరికే ఇచ్చి, జట్టులో మిగతావాళ్లకు అది చేరుతుందా అని చూశారు. పంచుకోవడం వల్ల తనకు పోయేదేమీ లేనప్పుడు చెప్పారు. అవతలివాడికి తెలిస్తే తనకు దక్కేది తగ్గుతుందన్నప్పుడు, పక్కనున్నవాడు పోటీదారైతే, నోరు కట్టేసుకున్నారు. మనుషులు ఎక్కడైనా మనుషులే.

దీన్నిబట్టి మీకు చెప్పేదేమిటంటే, వందమంది వచ్చే మీటప్‌ల కంటే ఎనిమిది పది మంది కంపెనీ యజమానులు నెలకోసారి తప్పకుండా కూర్చునే చోటు వెతకండి. మీతో నేరుగా పోటీపడేవాడు అందులో ఉండకూడదు. మీకన్నా ఒకటి రెండు మెట్లు పైనున్నవాళ్లు కనీసం ఇద్దరుండాలి. అలాంటి జట్టు దొరక్కపోతే మీరే కట్టండి, దానికి ఏ సంస్థ అనుమతీ అక్కర్లేదు.

నేను ఇప్పటికీ కూర్చునే అలాంటి జట్టొకటి ఎలా నడుస్తుందో చెబుతాను. తొమ్మిది మందిమి. ప్రతివాడూ ఒక కాగితం తెస్తాడు, దానిమీద నాలుగే అంకెలు: చేతిలో ఎన్ని నెలలకు సరిపడా డబ్బుంది, పోయిన నెల ఎంత బిల్లు చేశాం, అందులో ఎంత వసూలైంది, ఎంతమంది కస్టమర్లు వెళ్లిపోయారు. కింద ఒక వాక్యం, పోయిన నెల చేస్తానన్నది చేశానా లేదా. స్లయిడ్లు నిషేధం. ఒకసారి స్కూళ్లకు సాఫ్ట్‌వేర్ అమ్మే ఒకమ్మాయి వచ్చింది. బిల్లు చేసింది బాగుంది, వసూలైంది అందులో మూడో వంతు. "స్కూళ్లు ఆలస్యంగా ఇస్తాయి సర్, అంతే" అంది. ఆసుపత్రులకు పరికరాలు అమ్మే మరొకాయన ఆ కాగితం తన ముందుకు లాక్కుని, "ఆర్డర్ ఇచ్చేదెవరు, చెక్కు మీద సంతకం పెట్టేదెవరు? ఇద్దరూ ఒకరేనా?" అని అడిగాడు. ఆ అమ్మాయి ఆలోచించి, ఆర్డర్ ప్రిన్సిపాల్ ఇస్తాడని, చెక్కు ట్రస్ట్ అకౌంటెంట్ ఇస్తాడని, ఆ అకౌంటెంట్‌ను తాను ఎప్పుడూ కలవలేదని చెప్పింది. మరుసటి నెల నుంచి అగ్రిమెంట్ మీద అకౌంటెంట్ పేరు, బిల్లు ఏ తేదీకి పంపాలో రాయించుకోవడం మొదలుపెట్టింది. అయిదు నెలల్లో బకాయి సగానికి తగ్గింది. ఆసుపత్రులాయనకు విద్యారంగం గురించి ఏమీ తెలియదు. అదే దెబ్బ తాను ముందే తిని ఉన్నాడు, అదొక్కటే ఆయనకున్న అర్హత.

సాటి ఫౌండర్ల సలహా మీద మన దేశంలోనే ఒక ప్రయోగం జరిగింది. వంద భారతీయ స్టార్టప్‌ల ఫౌండర్లను జతలు కలిపి, సిబ్బందిని ఎలా నడపాలో ఒకరికొకరు చెప్పుకోమన్నారు. క్రమంగా మీటింగులు పెట్టి, లక్ష్యాలు నిర్ణయించి, పనివాళ్లకు ఎప్పటికప్పుడు మంచిచెడ్డలు చెప్పే ఫౌండర్‌తో జతకట్టినవాళ్ల కంపెనీలు రెండేళ్ల తర్వాత, అలాంటి పద్ధతేమీ లేని వాడితో జతకట్టినవాళ్ల కంపెనీల కంటే 28 శాతం పెద్దవయ్యాయి. మూతపడే అవకాశం కూడా 10 శాతం పాయింట్లు తగ్గింది. అంటే సలహా ఇచ్చేవాడు ఎవరన్నది ముఖ్యం. ఊరికే 'ఫౌండర్ టు ఫౌండర్' అని బోర్డు పెట్టి ఎవరినో ఒకరిని మీ పక్కన కూర్చోబెడితే, వాడి అలవాట్లే మీకూ అంటుకుంటాయి.

ఇక మొదటి కస్టమర్ల సంగతి. మీ బండి ఆగింది ఇక్కడేనని నా అనుమానం. ముగ్గురు కస్టమర్లున్న కంపెనీకి పెట్టుబడి కన్నా నాలుగో కస్టమర్ విలువ ఎక్కువ. నెట్‌వర్క్ చేయగలిగే పెద్ద పని కూడా ఇదే.

యాపిల్ కథ అందరికీ తెలుసు కానీ అందులో ఈ ముక్క సరిగ్గా చెప్పరు. 1975 మార్చిలో మెన్లో పార్క్‌లో ఒక గరాజ్‌లో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది. ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్లు కలిసి తాము చేసినవి చూపించుకునే చోటు. యాపిల్ పెట్టినవాళ్లలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ తాను చేసిన కంప్యూటర్ సర్క్యూట్ బోర్డును అక్కడ చూపించాడు. బైట్ షాప్ అనే కంప్యూటర్ దుకాణం నడిపే పాల్ టెరెల్ కూడా ఆ క్లబ్‌కు వచ్చేవాడు. 1976లో ఆయన ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున 50 కంప్యూటర్లు కావాలన్నాడు. షరతు ఒక్కటే, విడిభాగాలుగా కాదు, బిగించి ఇవ్వాలి. స్టీవ్ జాబ్స్ దగ్గర విడిభాగాలు కొనడానికి డబ్బు లేదు. ఆ ఆర్డర్ చూపించి 30 రోజుల అరువు మీద భాగాలు అడిగాడు. అమ్మేవాళ్లు నమ్మక, టెరెల్‌కే ఫోన్ చేసి నిజమా కాదా అని కనుక్కుని, అప్పుడు ఇచ్చారు.

ఇందులో నెట్‌వర్క్ చేసిన పనులు చూడండి. కొనేవాణ్ని, చేసేవాణ్ని ఒకే గదిలోకి తెచ్చింది. ప్రొడక్ట్ ఎలా ఉండాలో కొనేవాడి నోటితోనే చెప్పించింది. వోజ్నియాక్ దృష్టిలో బోర్డు అప్పటికే పూర్తయింది, టెరెల్ దృష్టిలో కాలేదు. చివరికి ఆ ఒక్క ఫోన్ కాల్, ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లకు అరువు పుట్టించింది. ఈ మూడూ జరిగినచోట ఇన్వెస్టర్ ఇంకా రంగంలోకే రాలేదు.

మాకూ చిన్న స్థాయిలో ఇలాంటిదే జరిగింది. ఒక పెద్ద గోడౌన్ కంపెనీకి మా సెన్సర్లు చూపించడానికి ఎనిమిది నెలలు తిరిగాం. రిసెప్షన్ దాటలేదు. మా వ్యాపారుల సంఘంలో ట్రాన్స్‌పోర్ట్ నడిపే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన ఆ గోడౌన్ కంపెనీ ఆపరేషన్స్ హెడ్‌కు ఫోన్ చేసి, "వీళ్ల పరికరం నా రెండు బండ్లలో పెట్టాను. ఒకటి మూడో వారంలో ఆగిపోయింది, రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే పొద్దున్నే వచ్చి మార్చారు" అన్నాడు. నేను పక్కనే కూర్చుని వింటున్నాను, ఆగిపోయిన సంగతి చెబుతుంటే గుండె జారింది. మరుసటి వారమే పైలట్, అంటే చిన్న ఎత్తున వాడి చూసే అవకాశం, ఇచ్చారు. తర్వాత ఆపరేషన్స్ హెడ్ నాతో అన్నది, మీ బ్రోషర్ కన్నా ఆగిపోయిన పరికరమే మిమ్మల్ని లోపలికి తెచ్చింది అని.

అప్పటినుంచి నేను పరిచయం చేసేటప్పుడు మంచితోపాటు ఒక లోపం కూడా చెబుతాను. మీరు ఎవరినైనా పరిచయం చేయమని అడిగేటప్పుడు ఆయన ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేయగలిగేలా అయిదారు వాక్యాలు మీరే రాసివ్వండి: ఏం చేస్తారు, ఎవరు వాడుతున్నారు, అవతలివాళ్ల నుంచి సరిగ్గా ఏం కావాలి. "ఎవరైనా తెలిస్తే చెప్పండి సర్" అంటే ఎవరూ గుర్తుకురారు. పరిచయం అయ్యాక ఏమైందో, కాకపోయినా సరే, చేసినవాడికి రెండు ముక్కలు రాయండి. ఇది చేయనివాళ్లకు రెండో పరిచయం దొరకదు, ఎందుకు దొరకలేదో ఎవరూ చెప్పరు కూడా.

పైలట్ విషయంలో ఒక హెచ్చరిక. పెద్ద కంపెనీలు నెట్‌వర్క్‌ల ద్వారా 'ఉచిత పైలట్' అంటూ వస్తాయి. ఎంతో కొంత డబ్బు తీసుకోండి, గడువు పెట్టండి, విజయం అంటే ఏ అంకె అన్నది ముందే రాసుకోండి. ఉచిత పైలట్‌కు అవతలివైపు యజమాని ఉండడు, ఆరు నెలలు గాలిలో తిరుగుతుంది.

చిన్న ప్రాంతాలకు ఉన్న అసలు చిక్కు ఒకటుంది. ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. అది బలంలా కనిపిస్తుంది. కానీ అందరికీ తెలిసిందే మీకూ తెలుస్తుంది, కొత్తది రాదు. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసంలో, పరిచయాల ద్వారా ఉద్యోగాలు దొరికినవాళ్లను, ఆ పరిచయస్తుణ్ని మీరు ఎంత తరచుగా కలిసేవారని అడిగి ఆ జవాబులు ఇచ్చాడు. తరచుగా అన్నవాళ్లు 16.7 శాతం. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం. ఎప్పుడో ఏడాదికోసారి అన్నవాళ్లు 27.8 శాతం. రోజూ కలిసేవాడు మన ప్రపంచంలోనే ఉంటాడు, ఎప్పుడో కలిసేవాడు వేరే ప్రపంచం నుంచి కబురు తెస్తాడు.

అందుకే ప్రాంతీయ నెట్‌వర్క్‌ను అంచనా వేసేటప్పుడు బయటికి ఎన్ని తలుపులున్నాయో చూడండి. ఇతర నగరాల్లో కొనేవాళ్లు, ఇతర దేశాల్లో ఇన్వెస్టర్లు, ఇక్కడ చదువుకుని బయట స్థిరపడినవాళ్లు. ఇజ్రాయెల్ ప్రభుత్వం 1993లో యోజ్మా అనే పథకంతో 10 కోట్ల డాలర్లు పెట్టి వెంచర్ ఫండ్లు (కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే నిధులు) మొదలుపెట్టించినప్పుడు, ప్రతి ఫండ్‌లో ఒక విదేశీ భాగస్వామి తప్పనిసరిగా ఉండాలంది. డబ్బు కొరత మాత్రమే అయితే ఆ షరతు అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది కంపెనీలను పెంచడం తెలిసిన మనుషులు, వాళ్లతోపాటు వచ్చే బయటి మార్కెట్. ప్రభుత్వ వాటాను అయిదేళ్లలోపు అసలు ధరకు వడ్డీ కలిపి కొనేసుకునే హక్కు కూడా ఇచ్చారు. పది ఫండ్లలో ఎనిమిది కొనేసుకున్నాయి.

మనుషులు ఎక్కడినుంచి వస్తారన్నది కూడా చూడాలి. ఫిన్‌లాండ్‌లో ఊలు అనే నగరం నోకియా మీద ఆధారపడి బతికింది. నోకియా ఫోన్ల వ్యాపారం కుంగినప్పుడు వేలమంది ఇంజనీర్లు రోడ్డున పడాల్సింది. 2011లో నోకియా బ్రిడ్జ్ అనే కార్యక్రమం పెట్టి, ఉద్యోగం పోతున్నవాళ్లలో కంపెనీ పెడతామన్నవాళ్లకు మనిషికి 25,000 యూరోల దాకా, నలుగురు కలిస్తే లక్ష దాకా ఇచ్చింది. అనేక దేశాల్లో కలిపి సుమారు వెయ్యి కంపెనీలు పుట్టాయి. మీ ప్రాంతంలో ఏదైనా పెద్ద కంపెనీ, పరిశోధనశాల, కర్మాగారం మనుషులను తగ్గిస్తుంటే, అక్కడి సీనియర్లను కలవండి. నెట్‌వర్క్ వాళ్లకు ఆ జాబితా తెలిసి ఉండాలి. తెలియకపోతే వాళ్లు ఏం చేస్తున్నట్టు? (ఊలులో 2014లో ఒక పోటీ కూడా మొదలైంది. సముద్రపు మంచులో కోసిన గుంటలో నిలబడి, చలి తట్టుకోగలిగినంత సేపే పిచ్, అంటే తన కంపెనీ గురించి, చెప్పాలి. మన డెమో డేలలో కొన్నింటికి ఈ నియమం పెడితే బాగుండు అనిపిస్తుంది.)

మెంటర్ల గురించి. ఒకే రోజు తొమ్మిది మంది మెంటర్లతో ఇరవయ్యేసి నిమిషాలు కూర్చోబెట్టే కార్యక్రమాలుంటాయి. ఒకరు ధర పెంచమంటారు, ఒకరు ఉచితంగా ఇవ్వమంటారు, ఒకరు అసలు మార్కెట్టే మార్చమంటారు. సాయంత్రానికి ఫౌండర్ ముఖం చూడాలి, పాపం. ఎమ్‌ఐటీ 2000లో మొదలుపెట్టిన వెంచర్ మెంటరింగ్ సర్వీస్ దీనికో మంచి దారి చూపింది. మెంటర్లు ఒంటరిగా కాకుండా ముగ్గురు నలుగురు కలిసి ఒకే కంపెనీతో కూర్చుంటారు. తలొక మాట చెప్పేదేదో మీ ఎదుటే ఒకరితో ఒకరు వాదించుకుంటారు. ఆ వాదన వినడమే సగం చదువు. ఇంకో నియమం కూడా ముఖ్యం: మెంటర్ పాత్ర, ఇన్వెస్టర్ పాత్ర కలవకూడదు. రేపు మీ కంపెనీలో డబ్బు పెట్టేది ఈయనే అనుకుంటే, జీతాలకు రెండు నెలల డబ్బే మిగిలిందని ఆయనకు చెప్పగలరా?

గ్రాంట్ల గురించి రెండు మాటలు. నెట్‌వర్క్ వాళ్లు దరఖాస్తు రాయడంలో సాయం చేస్తారు, తీసుకోండి. అమెరికా ఇంధన శాఖ చిన్న కంపెనీలకిచ్చే గ్రాంట్లను పరిశీలించినప్పుడు, ప్రోటోటైప్ దశలో ఇచ్చే 1,50,000 డాలర్ల మొదటి గ్రాంట్ ఆ తర్వాత వెంచర్ పెట్టుబడి వచ్చే అవకాశాన్ని దాదాపు రెట్టింపు చేసిందని, తర్వాత ఇచ్చే పెద్ద గ్రాంట్ వల్ల అలాంటి ఫలితం పెద్దగా లేదని తేలింది. చిన్న మొత్తంతో ఒక పరికరం చేసి, పనిచేస్తుందని చూపించడం వరకే గ్రాంట్ అసలు ఉపయోగం. గ్రాంట్ తర్వాత గ్రాంట్ రాసుకుంటూ కస్టమర్‌ను మర్చిపోయిన కంపెనీలను నేను అరడజను చూశాను.

చివరిగా మీ ఈక్విటీ ప్రశ్న. పోల్చుకోడానికి ఒక అంకె: కొత్త కంపెనీలకు పెట్టుబడి, మెంటర్లను ఇచ్చే అమెరికా సంస్థ వై కాంబినేటర్ 7 శాతానికి 1,25,000 డాలర్లు ఇస్తుంది, ఇంకో 3,75,000 తర్వాతి రౌండ్ షరతులకు లోబడి పెడుతుంది. దాని వెనక 2005 నుంచి పోగైన పూర్వ విద్యార్థుల బలగం ఉంది. ఒక ప్రాంతీయ ఇంక్యుబేటర్ గదికీ, మెంటర్లకూ కలిపి 6 శాతం అడిగితే, డబ్బేమీ పెట్టకపోతే, నేనైతే ఇవ్వను. అద్దె ఇస్తాను అంటాను. లేదా ఈక్విటీని ఫలితానికి ముడిపెట్టమంటాను: వాళ్ల పరిచయంతో వచ్చిన డబ్బిచ్చే కస్టమర్లు ఇంతమంది అయితే ఇంత శాతం, అదీ రెండేళ్లలో విడతలుగా. ఒప్పుకోనివాళ్లకు తమ పరిచయాల మీద తమకే నమ్మకం లేదని అర్థం. తర్వాతి రౌండ్‌లో పెట్టుబడి పెట్టే మొదటి హక్కు తమదేనన్న క్లాజు గానీ, అక్కడ ఉన్నప్పుడు తయారైన సాంకేతికతపై వాళ్లకు హక్కుందన్న క్లాజు గానీ ఉందేమో ఒక లాయర్‌తో చదివించండి. మా మొదటి అగ్రిమెంట్‌లో రెండోది ఉంది. కంపెనీ అమ్మేటప్పుడు దాన్ని తీయించడానికి నాలుగు నెలలు పట్టింది, కొనేవాడు దాదాపు వెనక్కి వెళ్లిపోయాడు.

సంతకం పెట్టేముందు రెండు ఫోన్లు చేయండి. వెబ్‌సైట్‌లో లోగోలున్న కంపెనీలకు కాదు, వాళ్లెలాగూ మంచే చెబుతారు. అక్కడ ఏడాది ఉండి బయటికి వెళ్లిపోయినవాళ్లకు, వీలైతే మూసేసినవాళ్లకు. ఒక్కటే అడగండి: "అక్కడున్నవాళ్లు పరిచయం చేయగా మీకు డబ్బిచ్చిన కస్టమర్ పేరొకటి చెబుతారా?" ఆలోచించకుండా పేరు చెబితే చేరండి. "ఎక్స్‌పోజర్ బాగా వచ్చింది" అంటే ఆ గది అద్దె ఎంతో కనుక్కుని, మీ ఆఫీసు అద్దెతో పోల్చుకోండి.